మేస్త్రీ ఒక్కరే, పనులు నాలుగు: రిసోర్స్ లెవెలింగ్ అసలు కథ

మా బావగారు తాడేపల్లిగూడెం దగ్గర ఇల్లు కట్టుకుంటున్నప్పుడు మిగిలిన పనులన్నీ ఒక ఎక్సెల్ షీటులో పెట్టారు. అప్పటికి స్లాబు పడింది, సెంట్రింగ్ ఊడదీశారు, గోడల్లో కరెంటు గొట్టాలు, నీళ్ల పైపులు బిగించారు. ఇక మిగిలినవి లోపలి ప్లాస్టరింగ్, బయటి ప్లాస్టరింగ్, టైల్స్, రంగులు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ. ఒక్కో పనికీ ఒక రంగు గీత గీసి, లెక్క వేసి, 28 రోజుల్లో అన్నీ అయిపోతాయని తేల్చారు. గృహప్రవేశం ముహూర్తం 31వ రోజున. మధ్యలో రెండు రోజులు చేతిలో ఉన్నాయి, ఇంకేం కావాలి?

ఆ కాగితం తీసుకెళ్లి తాపీ మేస్త్రీ చేతికిచ్చారు. ఆయన కాసేపు చూసి, "బానే ఉందండీ. కానీ ఒకటో రోజునే నాలుగు పనులూ మొదలెట్టేయమన్నారేంటండీ? నాకున్నది ఒక్క ముఠాయే కదండీ" అన్నారు.

బావగారికి కొంచెం చిరాకేసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల షెడ్యూళ్లు చూడటం నా ఉద్యోగం. రిసోర్స్ అలొకేషన్, రిసోర్స్ లెవెలింగ్ అని మేము రెండు రోజుల ట్రైనింగులో నేర్చుకున్న సంగతిని ఆయన ఒక్క ప్రశ్నలో అడిగేశారు.

అలొకేషన్ అంటే కేటాయింపు. ఏ పనికి ఎవరు, ఎంతమంది, ఎన్ని రోజులు అని రాసుకోవడం. లెవెలింగ్ అంటే, అలా రాసుకున్నాక ఏ రోజునైనా ఉన్నవాళ్లకంటే ఎక్కువమంది అవసరం పడుతుంటే పనులను అటూ ఇటూ జరిపి దారికి తేవడం. రిసోర్స్ అంటే పనికి కావాల్సిన వనరు, మనుషులే కానక్కర్లేదు. కాంక్రీటు మిక్సరు కావచ్చు, కాన్ఫరెన్స్ రూము కావచ్చు, సర్వర్ కావచ్చు. అయితే సిమెంటు బస్తా వేరు, మేస్త్రీ వేరు. ఈ రోజు వాడని బస్తా రేపటికి ఉంటుంది. ఈ రోజు వాడుకోని మేస్త్రీ రోజు మాత్రం పోయినట్టే, రేపు ఇద్దరై రారు. కాబట్టి చిక్కంతా మనుషులతోనూ యంత్రాలతోనూ వస్తుంది.

మెరక కొట్టి పల్లం పూడ్చడం

బావగారి షీటునే తీసుకుందాం. తాపీ మేస్త్రీలు చేయాల్సిన పనులు నాలుగు. లోపలి ప్లాస్టరింగ్‌కు నలుగురు మేస్త్రీలు, 10 రోజులు. బయటి ప్లాస్టరింగ్‌కు ముగ్గురు, 8 రోజులు. ప్రహరీ గోడకు ఇద్దరు, 6 రోజులు. సెప్టిక్ ట్యాంకుకు ఇద్దరు, 5 రోజులు. టైల్స్ వేసేవాళ్లు వేరే, వాళ్లకు 8 రోజులు. రంగులవాళ్లు కూడా వేరే, వాళ్లకు 10 రోజులు. లోపలి ప్లాస్టరింగ్ అయ్యాకే టైల్స్. టైల్స్, బయటి ప్లాస్టరింగ్ రెండూ అయ్యాకే రంగులు.

లోపలి ప్లాస్టరింగ్ 10, టైల్స్ 8, రంగులు 10, మొత్తం 28. ఈ వరుసలో ఏ ఒక్కటి ఒక రోజు జారినా ఇల్లంతా ఒక రోజు జారుతుంది. దీన్నే క్రిటికల్ పాత్ అంటారు. మిగతా పనులకు కాస్త వెసులుబాటు ఉంది. బయటి ప్లాస్టరింగ్ 18వ రోజుకల్లా అయితే చాలు. రంగులవాళ్లు ముందు ఇంటి లోపల మొదలుపెడతారు కాబట్టి బయటి గోడ తడి ఆరడానికి ఇంకో వారం దొరుకుతుంది. ప్రహరీ గోడ, సెప్టిక్ ట్యాంకు 28వ రోజు దాకా ఎప్పుడైనా కావచ్చు. ఈ వెసులుబాటును షెడ్యూలు రాసేవాళ్లు ఫ్లోట్ అనో స్లాక్ అనో అంటారు.

మరి బావగారి షీటులో ఏముంది? షెడ్యూలు రాసేవాళ్లకు అలవాటైన పద్ధతి ప్రకారం, ఎంత త్వరగా మొదలెట్టొచ్చో అంత త్వరగా అన్నీ మొదలయ్యాయి. అంటే నాలుగూ ఒకటో రోజునే. ఇప్పుడు గీతలను అడ్డంగా కాకుండా నిలువుగా చూద్దాం. ఒకటో రోజున ఎంతమంది మేస్త్రీలు కావాలి? నాలుగు, మూడు, రెండు, రెండు కలిపి పదకొండు మంది. అయిదో రోజు దాకా పదకొండే. ఆరో రోజున తొమ్మిది. ఏడు, ఎనిమిది రోజుల్లో ఏడుగురు. తొమ్మిది, పది రోజుల్లో నలుగురు. పదకొండో రోజు నుంచి ఒక్కరూ అక్కర్లేదు.

మొదటి వారం కొండ, ఆ తర్వాత గొయ్యి. బావగారి మేస్త్రీ ముఠాలో ఉన్నది మొత్తం నలుగురు.

పొలం చదును చేసేటప్పుడు ఏం చేస్తాం? మెరక కొట్టి ఆ మట్టితోనే పల్లం పూడుస్తాం. బయటినుంచి మట్టి తోలకుండానే పని అయిపోతుంది. ఇక్కడా అంతే. మొత్తం మేస్త్రీ రోజులు, అంటే ఒక్కో పనికి మేస్త్రీల సంఖ్యను రోజులతో గుణించి, లెక్క వేస్తే 40, 24, 12, 10 కలిపి 86. వాటిని 28 రోజులకు పంచితే రోజుకు ముగ్గురి కంటే కొంచెం ఎక్కువ. అంటే మనుషులకు కొరతేమీ లేదు, పనంతా ఒకే చోట కుప్ప పడింది. ఆ కుప్పను ఎక్కడికి తోయొచ్చో చెప్పేది వెసులుబాటు. క్రిటికల్ పాత్ మీద ఉన్న లోపలి ప్లాస్టరింగ్‌ను ముట్టుకోకూడదు. మిగతా మూడింటినీ జరపొచ్చు.

జరిపి చూద్దాం. 1 నుంచి 10 దాకా నలుగురూ లోపలి ప్లాస్టరింగ్. 11 నుంచి 18 దాకా ముగ్గురు బయటి ప్లాస్టరింగ్, ఒకరికి సెలవు. 19 నుంచి ఇద్దరు సెప్టిక్ ట్యాంకు మీద, ఇద్దరు ప్రహరీ గోడ మీద. ట్యాంకు 23న అవుతుంది, గోడ 24న అవుతుంది. పక్కన టైల్స్, రంగులు యథాప్రకారం. ఇల్లు మొత్తం 28వ రోజునే పూర్తి. పదకొండు మంది అవసరం కాస్తా నలుగురికి దిగింది, తేదీ ఒక్క రోజు కూడా మారలేదు.

నాకు ఈ లెక్క ఎప్పుడు వేసినా ఒక చిన్న ఆశ్చర్యం మిగులుతుంది. పదకొండు మంది దొరకలేదని కంగారుపడి పక్క ఊరి ముఠాకు అడ్వాన్సు ఇచ్చే మనిషి, అసలు ఆ అవసరమే తను గీసిన గీతల్లోంచి పుట్టిందని గుర్తించడు. ఒకవేళ పదకొండు మందీ దొరికారనుకోండి. వాళ్లకు సరుగుడు కర్రలు చాలవు, మాలు కలిపి అందించే కూలీలు చాలరు. పైగా అయిదు రోజులు పని ఇచ్చి ఆరో రోజు నుంచి ఇద్దరిని, తొమ్మిదో రోజు నుంచి ఏడుగురిని ఇంటికి పంపిస్తానంటే ఏ ముఠా ఒప్పుకుంటుంది?

ఇలా వెసులుబాటు లోపలే జరిపి, తేదీ మారకుండా చేసే సర్దుబాటును స్మూతింగ్ అని విడిగా పిలుస్తారు. అసలు లెవెలింగ్ అనేది ఇంకాస్త కఠినం. అది మనుషుల సంఖ్య దగ్గర గీత గీసి కూర్చుంటుంది. తేదీ జరగాల్సి వస్తే జరుపుతుంది.

నలుగురిలో ఒకరు తగ్గితే

ఇప్పుడు ముఠాలో ముగ్గురే ఉన్నారనుకుందాం. లోపలి ప్లాస్టరింగ్ 40 మేస్త్రీ రోజుల పని. ముగ్గురు చేస్తే 13 రోజులు దాటి 14వ రోజులోకి వెళ్తుంది. టైల్స్ 15 నుంచి 22. అదే సమయంలో ముగ్గురూ బయటి ప్లాస్టరింగ్ మీద, అదీ 22కు అవుతుంది. రంగులు 23 నుంచి 32. మేస్త్రీలు ట్యాంకు 27కల్లా ముగించి, ముగ్గురూ కలిసి ప్రహరీ గోడను నాలుగు రోజుల్లో, అంటే 31కల్లా లేపేస్తారు. ఇల్లు పూర్తయ్యేది 32వ రోజు. ముహూర్తం 31. అయిపోయింది.

చాలామంది పొరబడేది ఇక్కడే. "లెవెలింగ్ చేస్తే నాలుగు రోజులు లేటవుతోంది, కాబట్టి లెవెలింగ్ వద్దు" అంటారు. నేను పనిచేసిన చోట్ల ఈ మాట చాలాసార్లు విన్నాను. ముగ్గురు మేస్త్రీలున్నప్పుడు ఇల్లు 32 రోజులు పడుతుంది. షీటులో 28 అని రాసినా అంతే, 20 అని రాసినా అంతే. లెవెలింగ్ ఆ నాలుగు రోజులను పుట్టించలేదు, ఒకటో రోజునే చూపించింది. చూడకపోతే అవే నాలుగు రోజులు 25వ రోజున, చుట్టాలందరికీ కార్డులు పంచేశాక కనబడతాయి. జ్వరం ఉందని థర్మామీటరును తప్పుపట్టినట్టుంటుంది ఆ వాదన.

ఒకటో రోజునే తెలిస్తే చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. మొదటి 10 రోజులకు మాత్రం బయటినుంచి ఒక్క మేస్త్రీని తెచ్చుకుంటే లోపలి ప్లాస్టరింగ్ మళ్లీ 10 రోజుల్లో అవుతుంది. ఆ తర్వాత ముగ్గురే ఉన్నా చాలు. బయటి ప్లాస్టరింగ్ 18కి, ట్యాంకు 23కి, ముగ్గురూ పట్టిన ప్రహరీ 27కి, రంగులు 28కి. నాలుగు రోజులూ వెనక్కి వచ్చాయి. అదే మనిషిని, అదే పది రోజులకు, అదే కూలీ ఇచ్చి 23వ రోజు నుంచి తెచ్చుకున్నామనుకోండి. ట్యాంకు, ప్రహరీ త్వరగా అయిపోతాయి, కానీ రంగులు 32కే. ఖర్చు పెట్టాం, ఒక్క రోజూ కలిసిరాలేదు.

నా దృష్టిలో ఈ విషయంలో అసలు సారం ఇంతే. మనిషిని ఎప్పుడు, ఏ పని మీద పెట్టామన్నదే తేదీని మారుస్తుంది. ఎంతమందిని పెట్టామన్నది దాని తర్వాతే. ఆఫీసుల్లో మనుషులను అదనంగా ఇచ్చేది మాత్రం సాధారణంగా 23వ రోజున. ఎందుకంటే అప్పటిదాకా ఎవరికీ టెన్షన్ పుట్టదు.

సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆలస్యంగా మనుషులను కలపడం ఇంకో రకంగా కూడా దెబ్బ కొడుతుంది. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో రాసిన మాట ఒకటి ఇప్పటికీ సామెతలా తిరుగుతుంది: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లకు నేర్పేది పాతవాళ్లే, ఆ సేపు వాళ్ల పని ఆగుతుంది. పైగా మాట్లాడుకోవాల్సిన జంటలు పెరుగుతాయి. అయిదుగురుంటే పది జంటలు, పదిమందైతే నలభై అయిదు. ప్లాస్టరింగ్‌కు కొత్త మేస్త్రీ వస్తే మధ్యాహ్నానికల్లా కలిసిపోతాడు. కోడ్ రాసే పనికి కొత్త ఇంజినీరు వస్తే నెల పడుతుంది.

గీతల్లో లేని ముడి

నలుగురి ప్లానులో ఒక సంగతి దాగి ఉంది. బావగారి పాత షీటు ప్రకారం లోపలి ప్లాస్టరింగ్‌కూ బయటి ప్లాస్టరింగ్‌కూ ఏ సంబంధమూ లేదు. ఏది ముందైనా గోడలకు అభ్యంతరం లేదు. కానీ లెవెలింగ్ చేశాక బయటి పని 11న మొదలవుతుంది, ఎందుకంటే మేస్త్రీలు 10వ రోజు దాకా లోపల ఉన్నారు. మొదలయ్యేది 11న, ముగియాల్సింది 18న, పట్టేది 8 రోజులు. వెసులుబాటు సున్నా. నిన్నటిదాకా పదిరోజులు ఆగగలిగిన పని ఇప్పుడు ఒక్కరోజు కూడా ఆగలేదు. లోపల రెండు రోజులు జారితే బయట కూడా రెండు రోజులు జారుతుంది. గోడలు కాదు, చేతులు కలుపుతున్న ముడి అది.

క్రిటికల్ పాత్ లెక్కలో ఇలాంటి ముడి మొదట్లో లేదు. ఆ పద్ధతిని డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి 1957 ప్రాంతంలో తయారుచేశారు. మరుసటి ఏడాదే అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. రెండింటి మూల ప్రశ్నా ఒకటే: ఏ పని అయ్యాక ఏ పని? ఎవరు చేస్తారన్నది వేరే లెక్క. ఆ వేరే లెక్కను కూడా కలిపి చూడాలని, పని ముళ్లనూ మనుషుల ముళ్లనూ ఒకే గొలుసుగా చూడాలని గట్టిగా వాదించినవాడు ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్. ఆయన 1997లో దానికి క్రిటికల్ చెయిన్ అని పేరు పెట్టారు. మా మేస్త్రీ ఆ పేరు వినకుండానే ఆ వాదన చేశారు.

మరి ఇదంతా కంప్యూటర్ చేసేస్తుంది కదా అనిపించొచ్చు. చేస్తుంది, కొంతవరకు. షెడ్యూళ్లు వేసే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఎవరి మీదైనా పని ఎక్కువ పడితే ఆ వరుస పక్కన ఎర్ర మనిషి బొమ్మ కనిపిస్తుంది. 'లెవెల్ ఆల్' మీట నొక్కితే గీతలు వాటంతటవే జరుగుతాయి. వెసులుబాటు దాటకుండా జరుపు అని చెప్పే టిక్కు కూడా ఉంది. అది పెడితే స్మూతింగ్, తీస్తే అసలు లెవెలింగ్. ప్రతి పనికీ 0 నుంచి 1000 దాకా ప్రాధాన్యం ఇవ్వొచ్చు, మనం ఏమీ పెట్టకపోతే 500 ఉంటుంది, 1000 పెడితే ఆ పనిని కదపదు.

నాకు తెలిసి ఎక్కువమంది ఆ మీట ఒక్కసారి నొక్కి, చివరి తేదీ రెండు నెలలు ఆలస్యం కావడం చూసి, వెంటనే అన్‌డూ కొట్టి, ఇంకెప్పుడూ దాని జోలికి పోరు. అన్ని పనులకూ 500 ఉన్నప్పుడు ఏది ముఖ్యమో దానికేం తెలుసు? పైగా ఒకే మనిషి కోసం పోటీపడే పనులు పది ఉంటే వాటిని వరుసలో పెట్టే పద్ధతులు 36,28,800. పదిహేను ఉంటే లక్షా ముప్పై వేల కోట్లకు పైనే. ప్రాజెక్టు పెద్దదయ్యేకొద్దీ వీటన్నిటిలోకీ మేలైనది కచ్చితంగా వెతికి పట్టుకోవడం కంప్యూటర్లకు కూడా అలవికాని లెక్కగా మారుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒక అడ్డదారి తొక్కుతుంది: వెసులుబాటు తక్కువున్న పనికి ముందు మనిషినివ్వు, సమానంగా ఉంటే ఫలానాదానికివ్వు అని. వచ్చే జవాబు పనికొచ్చేదే, కానీ అదే అత్యుత్తమం కానక్కర్లేదు. మీట నొక్కాక ఒక పూట కూర్చుని చేత్తో సరిచేసుకోవాలి. ఈ పనికి నేను ఇప్పటికీ తెల్ల కాగితం, పెన్సిలే వాడతాను.

మూడిళ్ల మేస్త్రీ

ఇప్పటిదాకా ఒకే ఇల్లు అనుకున్నాం. నిజానికి మాఘమాసం ముహూర్తాల ముందు ఏ మేస్త్రీ చేతిలోనూ ఒక్క ఇల్లు ఉండదు. మూడిళ్ల అడ్వాన్సు తీసుకుంటాడు. ఏ యజమానికీ కోపం రాకుండా ఈ రోజు మీ ఇంట్లో, రేపు వాళ్లింట్లో, ఎల్లుండి ఇంకోరింట్లో. ఫోన్ చేస్తే "వచ్చేస్తన్నానండీ" అంటాడు. అబద్ధం కాదు, నిజంగానే వస్తాడు, మూడు రోజులకోసారి.

ఇందులో ఎవరు లాభపడ్డారు? ఒక్కో ఇంట్లో 10 రోజుల పని అనుకోండి. ఒకటి ముగించి ఇంకోటి మొదలెడితే మొదటి ఇల్లు 10వ రోజున, రెండోది 20న, మూడోది 30న అవుతాయి. రోజుకొకటి చొప్పున తిరిగితే 28న, 29న, 30న అవుతాయి. మూడో యజమానికి ఏ తేడా లేదు. మొదటి ఇద్దరికీ 18 రోజులు, 9 రోజులు నష్టం. మేస్త్రీకి మాత్రం ముగ్గురి దగ్గరా మాట దక్కింది. ఇంకా ఇందులో సామాన్లు మోసుకు తిరిగే సమయం, నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకునే సమయం కలపలేదు.

ఆఫీసులో మేము చేసేదీ ఇదే, ఏసీ గదిలో కూర్చుని. నేను ఒకప్పుడు పనిచేసిన కంపెనీలో ఒక టెస్టింగ్ ఇంజినీరు ఉండేది. ఆమెను ఒక ప్రాజెక్టుకు 50 శాతం, ఇంకోదానికి 50, మూడోదానికి 40 శాతం అని రాసుకున్నారు. ముగ్గురు మేనేజర్ల షీట్లూ విడివిడి ఫైళ్లు. ఏ ఫైలులోనూ ఎర్ర బొమ్మ లేదు. మూడింటినీ కలిపి చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ 140 శాతం ఎక్కడా కనబడలేదు, ఆమె రాత్రుళ్లలో తప్ప. మూడు రిలీజుల్లో రెండు జారాయి. మీటింగులో "టెస్టింగ్ దగ్గర ఆగింది" అని రాశారు. ఆ మూడు షీట్లలో ఒకటి నాదే. ఆ తర్వాత నేను చేసిన మార్పు పెద్ద గొప్పదేమీ కాదు. గోడకు ఒకే పట్టిక అంటించాం. ఎడమవైపు పనుల పేర్లకు బదులు మనుషుల పేర్లు, పైన వారాలు.

ఇలాంటి పట్టిక వేసేటప్పుడు ఇంకో రెండు తప్పులు ఎప్పుడూ దొర్లుతాయి. మొదటిది, మనిషికి రోజుకు 8 గంటలు అని రాయడం. మీటింగులు, ఫోన్లు, పక్కవాడి సందేహాలు పోగా పనికి మిగిలేది అంత ఉండదు. నేను 6 రాస్తాను, అది కూడా కొంచెం ఆశపడి రాసేదే. రెండోది క్యాలెండరు. సాఫ్ట్‌వేర్‌కు మనం ఏమీ చెప్పకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా అందరూ ఉంటారనే అనుకుంటుంది. జనవరి రెండో వారంలో టీం సగం భోగి మంటల దగ్గర ఉంటుందని దానికి తెలియదు. అమెరికా క్లయింటుకూ తెలియదు. వాళ్ల నవంబరు సెలవులు మనకు గుర్తుండవు. రెండు వైపుల పండగలూ ఒకే క్యాలెండరులో లేకపోతే లెవెలింగ్ ఎంత బాగా చేసినా అది వేరే గ్రహం మనుషులకు చేసినట్టే.

కొట్టకూడని మెరకలు

ఇంత చెప్పాక, ప్రతి మెరకనూ చదును చేయాల్సిందేనా అంటే, కాదు. స్లాబు వేసే రోజు సంగతి చూడండి. ఆ ఒక్క రోజుకు మిక్సరు, లిఫ్టు, పాతికమంది దాకా కూలీలు దిగుతారు. దాన్ని అయిదుగురితో అయిదు రోజులు వేద్దామంటే కుదరదు. నిన్న వేసిన కాంక్రీటు గట్టిపడి, ఈ రోజు వేసింది దానితో సరిగా కలవక, అతుకు దగ్గర నీళ్లు కారుతాయి. ఆ పనికి కొండ ఉండాల్సిందే. అందుకే స్లాబుకు ఎవరూ సొంత ముఠాను నమ్ముకోరు, స్లాబు ముఠానే వేరుగా పిలుస్తారు. ఆఫీసులో పాత సిస్టం ఆపి కొత్తది ఎక్కించే శనివారం రాత్రి కూడా అలాంటిదే.

ఇంకొకటి. లెవెలింగ్ చేసినప్పుడు బరువు మాయమవదు, ఎవరో ఒకరి నెత్తిమీదికి జరుగుతుంది. పొలాల మోటార్లకు కరెంటు అన్ని ఊళ్లకూ ఒకేసారి ఇస్తే లైన్లు తట్టుకోవని, ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి వేళలు మార్చి ఇచ్చిన రోజులు మన రైతులకు గుర్తే. లోడు లెక్క ప్రకారం అది చక్కటి లెవెలింగ్. కానీ రాత్రి వంతు వచ్చిన రైతు టార్చిలైటు పట్టుకుని పాముల భయంతో గట్ల మీద నడిచాడు. గ్రాఫు నున్నగా వచ్చింది సరే, ఆ నునుపు ఎవరి నిద్ర తిన్నదో కూడా అడగాలి. మేము గోడ మీద పెట్టిన పట్టికలో కూడా నేను మొదట చూసేది ఇదే: వరసగా మూడు వారాలు ఒక్క ఖాళీ గడి కూడా లేని పేరు ఎవరిది?

నిండుగా ఉండటం మంచిదే అనిపిస్తుంది మేనేజర్లకు. నలుగురి ప్లానులో 11 నుంచి 18 దాకా ఒక మేస్త్రీ ఖాళీ అని చెప్పినప్పుడు బావగారు కూడా, "ఆ ఎనిమిది రోజులూ ఆయన్ని ఊరికే కూర్చోబెట్టడం దేనికి, ట్యాంకు గోడ ఒక్కడే కట్టుకుంటాడుగా" అన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఒకళ్లు ఉండాలండీ. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పెట్టుకోవడానికి" అన్నారు. ఆ మాటకు విలువ తొందర్లోనే తెలిసింది. లోపలి పని సాగుతుండగా ముఠాలో ఒకరి ఇంట్లో చావు జరిగి మూడు రోజులు రాలేదు. లోపలి ప్లాస్టరింగ్ ఒక రోజు జారి 11న అయింది. బయటి పని మొదలయ్యాక రెండు రోజులు వాన పడింది. ఆ ఖాళీ మనిషి కూడా తాపీ పట్టుకుని బయటి గోడ ఎక్కారు కాబట్టి ఆ రెండు రోజులూ పూడాయి. రంగులవాళ్లు 20న లోపల మొదలుపెట్టి 29న దిగారు. ట్యాంకు, ప్రహరీ వాటి వెసులుబాటులో కొంత తినేసి అంతకు రెండు రోజుల ముందే అయ్యాయి. ముహూర్తానికి ఒక రోజు మిగిలింది.

గేటు మాత్రం రాలేదు. గేటు చేసే వెల్డింగ్ షాపతను బావగారి షీటులోనూ లేడు, నా కాగితంలోనూ లేడు. మేము గోడ ఎప్పుడవుతుందో చూసుకున్నాం గానీ, అతని దగ్గర అప్పటికే ఎన్ని గేట్లు వరుసలో ఉన్నాయో ఎవరమూ అడగలేదు. గృహప్రవేశం రోజు తెల్లవారుజామున, కొత్త ప్రహరీ గోడకు మధ్యలో ఉన్న పెద్ద ఖాళీలోంచి ఆవూ దూడా లోపలికి నడిచాయి. బంధువుల్లో ఒకాయన, "గేటు పెట్టలేదేంటి, వాస్తా?" అని అడిగారు. బావగారు అవునన్నారు. గేటు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది.